నీరు తీసిన చిలికలో చేపల వేట
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన సమావేశములలో సాధారణముగా పాఠశాలలను గూర్చియు, గ్రంథాలయములను గూర్చియు, పిల్లల తెలుగు చదువును గూర్చియు ప్రసంగములు జరుగుచుండును. నేడు మేము చేపలను గూర్చి మాటలాడబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఒడిస్సాలోని తెలుగువారనగా బరంపురపు వర్తకులు, ఉద్యోగులు, వకీళ్లు మాత్రమే కారు. పూరీలోని పెంటకటా మొదలు గోపాలపురము వరకు ఇసుక తీరము వెంబడి నివసించుచు, ఇంట తెలుగును, బజారున ఒడియాను మాటలాడుచు, వలమీద బ్రతుకు కుటుంబములు కూడ మనవారే. ఒడియావారు వీరిని నోలియాలని పిలుతురు. సముద్రము వీరి మొదటి పొలము. వీరిలో కొందరికి చిలికా సరస్సు రెండవ పొలము. ఆ రెండవ పొలములో నీరు తగ్గిన దినములందు జరుగు వేటను గూర్చియు, ఆ వేటలో తప్పక పాటింపవలసిన ఒక నియమమును గూర్చియు నేడు మేము చెప్పదలచినాము.

ఇతర రాష్ట్రములలో నున్న మన పాఠకులలో చిలికను చూడనివారు పెక్కురు గలరు. హౌరా నుండి చెన్నైకి పోవు రైలులో బాలుగావ్, రంభ స్టేషనుల ప్రాంతమున ఎడమ ప్రక్కను కనుచూపు మేర పరచుకొని యుండు జలరాశియే చిలిక. ఇది పూరీ, ఖుర్దా, గంజాం జిల్లాల నడుమ నున్నది. ఉత్తరమున మహానది పాయలగు దయా మొదలైన నదులు మంచినీటిని తెచ్చి దీనిలో పోయుచున్నవి. తూర్పున సన్నని ఇసుకతిన్నె ఒకటి దీనిని బంగాళాఖాతము నుండి వేరుచేయుచున్నది. ఆ తిన్నెలో ఏర్పడిన ముఖద్వారము గుండ సముద్రపు ఉప్పునీరు లోనికి వచ్చును, సరస్సు నీరు వెలుపలికి పోవును. కాబట్టి ఇది చెరువును కాదు, సముద్రమును కాదు. రెండింటి గుణమును కలిగిన సరస్సు. వానకాలమున దీని వైశాల్యము సుమారు 1,165 చదరపు కిలోమీటర్లు. వేసవిలో అది సుమారు 906 చదరపు కిలోమీటర్లకు తగ్గును. అనగా ప్రతి సంవత్సరము రెండువందల యేబది చదరపు కిలోమీటర్లకు పైగా నీటి నేల పొడినేల యగుచు, మరల నీటి నేల యగుచుండునన్నమాట. మొత్తము సరస్సునకు లోతు స్వల్పము. అందుచేత నీరు ఒక్క మూర తగ్గినను ఒడ్డు ఎంతో దూరము వెనుకకు జరిగిపోవును.

ఈ రాకపోకలే చిలిక జీవనము. శ్రావణ భాద్రపదములలో నదులు పొంగి వచ్చినప్పుడు ఉత్తర భాగమంతయు దాదాపు మంచినీరుగా మారును. ఆశ్వయుజము దాటిన పిదప వరద తీయును. కార్తిక మార్గశిరములలో ఉత్తరపు గాలి తిరిగి, సరస్సు నీరు సముద్రము వైపు సాగును. అప్పుడే నలబణ దీవి మెల్లగా నీటిపైకి తేలును. వానకాలమున నీట మునిగియుండు ఈ దీవి శీతకాలమున బురదనేలగా బయటపడి, దూరదేశముల నుండి వచ్చు లక్షలాది పక్షులకు విడిదియగును. దానిని 1987లో ప్రభుత్వము పక్షి ఆశ్రయముగా ప్రకటించినది. ఫాల్గుణము వచ్చుసరికి ఎండ ముదిరి, దక్షిణపు గాలి వీచి, సముద్రపు ఉప్పు లోనికెక్కును. ఈ విధముగ ఒకే నీరు ఒక ఋతువున తియ్యగాను, వేరొక ఋతువున ఉప్పగాను ఉండును. చేపలు, రొయ్యలు, పీతలు ఆ మార్పును అనుసరించియే తమ ప్రయాణములను సాగించును.

ఇక వేటను గూర్చి చెప్పెదము. నీరు నిండుగా నున్నప్పుడు చేప విశాలమైన సరస్సంతట చెదరియుండును. వేటగాడు దానిని వెదకికొనుచు పోవలెను. వరద తీసిన పిదప ఆ కష్టము తగ్గును. ఒడ్డున నున్న పల్లపు నేలలలో మేతకొరకు చేరిన చేప, నీరు వెనుకకు పోవుకొలది తానును వెనుకకు పోవలసియుండును. ఈ సంగతిని కనిపెట్టిన పూర్వులు ఒక ఉపాయము పన్నిరి. కార్తికము నాటికి ఒడ్డువెంబడి విశాలమైన పల్లపు నీటిని వెదురు తడికలతో చుట్టివేయుదురు. నీరు తడికల సందులనుండి బయటికి పోవును, పెద్ద చేప లోపల నిలిచిపోవును. మాఘము వరకు నీరు క్రమముగా తీయుచుండగా, లోపలి చేపను కొంచెము కొంచెముగా పట్టుకొందురు. ఒడియాలో ఈ వేటకు జానో యని పేరు. తడికలు లేని లోతు నీటిలో పడవలపై వలలతో చేయు వేటను బాహాని యందురు. చిలికలోని ముఖ్యమైన వేటలలో ఈ రెండును చిరకాలమునుండి ఉన్నవే.

జానో వేటకు కాలము కూడ కలిసివచ్చినది. కార్తిక మాసమంతయు ఒడియా గృహములలో అనేకులు చేపను ముట్టరు. పౌర్ణమి వెళ్లిన మరునాడు ఛాడఖాయి యను పేర చేపలు, మాంసము వండుకొందురు. ఆనాడు బజారులో చేపకుండు గిరాకి చెప్పనలవి కాదు. ఆ గిరాకి పెరుగు వేళకే జానోలలో చేప చేతికందుట ఆరంభించును. నెలరోజుల ఉపవాసము బజారుకే కాదు, సరస్సునకు కూడ కొంత విశ్రాంతి నిచ్చుచుండెనని మా తలంపు.

నీరు తగ్గిన కొలది వేట సులభమగునని చెప్పితిమి. అది పూర్తిగా నిజము కాదు. మొదటి వారములలో సులభమే. పిమ్మట నీరు తేటపడును. చేప వలను చూచి తప్పించుకొనును. అందుచేత అనుభవజ్ఞులు ప్రొద్దు గ్రుంకు వేళ వల వేసి, తెల్లవారకముందే తీయుదురు. లోతులేని చోట్ల పగటి ఎండకు నీరు వేడెక్కుటచేత చేప కాలువలలోనికి, లోతు మడుగులలోనికి దిగిపోవును. ఉత్తర భాగమున నీటికలుపు దట్టముగా పెరిగి, మోటారు పడవల రెక్కలకు చుట్టుకొనును. అక్కడ గడకర్రతో నడుపు పాత పడవయే మేలు. మన కోస్తాలో పల్లపు నీటిలో ఊత వేసి చేపను పట్టుట మీలో కొందరు చూచియే యుందురు. మోకాటిలోతు నీటికి ఊతయు, విసురు వలయు చాలును; పెద్ద వలలతో అక్కడ పని లేదు. ఒక్క మాటలో చెప్పవలెనన్న, నీరు తీసిన కాలపు వేటకు బలముకంటె ఓర్పు ముఖ్యము.

అయితే ఈ వేటలో ఒక చిక్కు గలదు. ఆ చిక్కే మా ప్రసంగమునకు ముఖ్య విషయము.

నీరు తీయునప్పుడు ఒడ్డును విడిచి లోతుకు పోవు చేపలలో అన్నియు మేతకొరకు పోవునవి కావు. మన కోస్తాలో బొంత యని పిలుచు జాతి చేపను ఒడియావారు ఖైంగ యందురు. చిలిక చేపలలో దానికి మంచి పేరు గలదు. అది సరస్సులో పెరుగును గాని, సరస్సులో గ్రుడ్లు పెట్టదు. శీతకాలమున కడుపునిండ జెనతో ముఖద్వారము దాటి సముద్రమునకు పోయి, అక్కడనే గ్రుడ్లు పెట్టును. దాని పిల్లలు మరల ముఖద్వారము గుండ లోనికి వచ్చి సరస్సులో పెరుగును. రొయ్య కథయు ఇట్టిదే. తల్లి రొయ్య సముద్రమున గ్రుడ్లు పెట్టును, పిల్ల రొయ్య చిలికలో పెరుగును. ఆడపీత కూడ గ్రుడ్లు పొదుగుటకు సముద్రమునే చేరును. కాబట్టి నీరు తీసినప్పుడు మనకెదురుగా గుంపులుగా పోవు చేపలో రాబోవు సంవత్సరపు పంటకు విత్తనము గూడ కలదు. రైతు ధాన్యమును అమ్ముకొనును గాని, విత్తనపు గాదెను ముట్టడు. మత్స్యకారునకు గాదె వేరుగా లేదు. విత్తనమును, ధాన్యమును ఒకే వలలో పడుచున్నవి. వానిని వేరుచేయు శక్తి వల కన్నునకును, తడిక సందునకును, తెరచియుంచిన దారికిని మాత్రమే గలదు.

పాత జానో వేటలో ఈ మూడును ఉండెడివి. వెదురు తడికకు సందులుండును. చిన్న చేప దానిలోనుండి జారిపోవును. తడిక సరస్సునంతటిని చుట్టలేదు. ఒడ్డు పల్లములను మాత్రమే చుట్టెను. నడిమి కాలువ విడిచిపెట్టబడెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఆ తడిక కొలదినెలల తడిక. నీరు తీసినప్పుడు కట్టినదానిని మరల నీరు వచ్చులోపుగ తీసివేయుదురు. అందుచేతనే తరతరములుగా జానో వేట జరిగినను చిలికలో చేప తరుగలేదు.

తరిగిన దెప్పుడనగా చెప్పెదము. 1980 తరువాత విదేశములలో రొయ్యకు ధర పెరిగెను. చిలిక ఒడ్డులలో ఘేరీలు వెలసినవి. ఘేరి యనగా రొయ్యల పెంపకమునకై సన్నని నైలాను వలలతోగాని, మట్టిగట్లతోగాని మూసివేసిన నీటినేల. చూపునకు ఇదియు జానో వంటిదే. నీరు తీసిన పల్లములోనే కట్టుదురు. కాని జానో తడిక ఋతువుతో పాటు లేచిపోవును. ఘేరి గట్టు లేవదు. తడిక సందులో పిల్ల చేప దూరును. ఘేరి వలలో దోమ దూరుటయు కష్టమే. జానోలో చేప తనంతట వచ్చినది. ఘేరికి కావలసిన రొయ్య పిల్లలలో పెక్కింటిని సరస్సునుండియే దోమతెర వంటి వలలతో వడకట్టి తెచ్చిరి. ఆ వడపోతలో రొయ్య పిల్లతో పాటు చిక్కి, పనికిరానివని ఒడ్డున పారవేయబడిన ఇతర చేపపిల్లలకు లెక్క లేదు.

ఇదే కాలమున ముఖద్వారము కూడ మూసికొనిపోవుచుండెను. తీరము వెంబడి అలలు ఈడ్చుకొనివచ్చు ఇసుక ఒకవైపునుండి, నదులు తెచ్చు ఒండ్రు మరియొక వైపునుండి చేరి, సరస్సును సముద్రముతో కలుపు పొడవైన కాలువను పూడ్చివేసినవి. ఉప్పు తగ్గెను, కలుపు పెరిగెను, చేప వచ్చు దారి ఇరుకయ్యెను. 1981లో భారతదేశమునుండి రాంసార్ ఒడంబడిక పట్టికకు ఎక్కిన మొదటి జలభూములలో చిలిక యొకటి. అట్టి చిలికను 1993లో చెడిపోవుచున్న జలభూముల జాబితాయగు మాంట్రో పట్టికలో చేర్చవలసి వచ్చెను. 1999–2000 సంవత్సరమున సరస్సు మొత్తము మీద పట్టిన చేప, రొయ్య, పీత అన్నియు కలిపి సుమారు 1,750 టన్నులు మాత్రమే. సరస్సు చుట్టునుగల నూటయేబదికి మించిన గ్రామములలో రెండు లక్షల జనము ఈ వేటమీద బ్రతుకుచుండగా ఆ తూకము ఎందరి కంచములకు చాలునో మీరే ఆలోచింపుడు.

తగ్గిన సంపదకొరకు తగవు పెరుగుట సహజము. 1991లో రాష్ట్ర ప్రభుత్వము తెచ్చిన కౌలు విధానమున వేటకు కొంత, పెంపకమునకు కొంత అని సరస్సును విభజించిరి. కులవృత్తిగా వేటాడువారికిని, కానివారికిని నడుమ వైరము ముదిరెను. 1996 డిసెంబరు 11వ తేదీన సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో చిలికా, పులికాట్ సరస్సులకు వెయ్యి మీటర్ల లోపల రొయ్యల పెంపకము చేయరాదని ఆజ్ఞాపించెను. తమిళనాడున పులికాట్ ఒడ్డుననున్న మన పాఠకులకు కూడ ఈ తీర్పు సంబంధించినదే యని గమనింపవలెను. అయినను ఘేరీలు తొలగలేదు. వానిని తొలగింపుమని జరిగిన ఆందోళనలో 1999 మే నెలలో సొరాన గ్రామమున పోలీసు కాల్పులకు నలుగురు మత్స్యకారులు బలియైరి. చేపలవేట అనగానే వినోదమని తలచువారు ఈ సంగతిని జ్ఞప్తియందుంచుకొనవలెను.

మంచి మార్పు కూడ వచ్చినది. 1991లో ఏర్పడిన చిలికా అభివృద్ధి సంస్థ, పూణేలోని కేంద్ర జలపరిశోధనాలయపు సహాయముతో నీటి నడకను పరిశీలింపజేసి, 2000 సంవత్సరము సెప్టెంబరు 23న సాతపడా ప్రాంతమున ఇసుకతిన్నెను త్రవ్వించి క్రొత్త ముఖద్వారమును తెరపించెను. సముద్రమునకు పోవు దారి సుమారు 18 కిలోమీటర్లు తగ్గెను. ఫలితము ఆ సంవత్సరమే కనబడెను. 2000–01లో చేపల రాబడి 5,000 టన్నులకు చేరువయ్యెను. 2001–02లో దాదాపు 12,000 టన్నులయ్యెను. 2002లో చిలిక పేరు మాంట్రో పట్టికనుండి తొలగింపబడెను. అదే సంవత్సరము రాంసార్ బహుమానము కూడ లభించెను. 2019 మే 3న పూరీ దగ్గర తీరమును తాకిన ఫణి తుఫాను తానే మరికొన్ని ముఖములను తెరచినది. ఇసుక తీరమున ఏ ద్వారమును శాశ్వతము కాదని దీనివలన తెలియుచున్నది. నేడు తెరచుకొన్నది రేపు మూసికొనవచ్చును.

ఇందు గమనింపవలసిన దేమనగా, ఎవరును సరస్సులో చేపపిల్లలను బండ్లకొలది తెచ్చి పోయలేదు. దారి తెరచిరి, చేప తానే వచ్చినది. సముద్రపు వాకిట జరిగిన పని ఇదియైనచో, మన తడికల వాకిట జరుగవలసిన పనియు ఇదియే. ప్రభుత్వము ఎంత పెద్ద ముఖద్వారమును త్రవ్వించినను, నీరు తీసిన కాలమున కాలువలకు అడ్డముగా సన్నకన్ను వలలు కట్టినచో, జెనతో పోవు చేపకు ఆ ద్వారమెందుకు? లోపలనే వాకిలి మూసికొని, వీధి తలుపు తెరచియున్నదని సంతోషించినట్లుండును.

పూర్వము వెదురు మావులు, బుట్టలు పెట్టిన చోట్ల ఇప్పుడు ఖండ యను నైలాను వలపెట్టెలు బారులు తీరియున్నవి. అవి తేలికవి, చౌకవి, పగలు రాత్రియు తమంతట పనిచేయును. వానిని నిందించుటవలన ప్రయోజనము లేదు. వెదురునకు మరలిపొమ్మని ఎవరికిని చెప్పలేము. కాని నైలానునకు కూడ పెద్ద కన్ను ఉండవచ్చును. వలపెట్టెల బారుల నడుమ పడవ పోవునంత సందు విడువవచ్చును. ఇవి యంత్రములతో పనిలేని, ధనవ్యయము లేని మార్పులు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వచ్చును. అది న్యాయమైన ఆక్షేపణయే. “మీరు మేడమీద కూర్చుండి విత్తనపు మాట చెప్పుచున్నారు. మాఘమాసమున మా ఇంట బియ్యము లేదు. నేను విడిచిన చేపను ప్రక్క పడవవాడు పట్టుకొనును. నాకు మిగులునది మంచిపేరు మాత్రమే” అని మత్స్యకారుడు అడుగవచ్చును. దీనికి నీతివాక్యములతో సమాధానము చెప్పరాదు.

మొదటి సంగతి. పేద వేటగానిచేత సన్నకన్ను వల పట్టించునది అతని ఆశ కాదు, అతని అప్పు. వలకు, పడవకు, పిల్ల పెండ్లికి వర్తకునివద్ద ముందుగా సొమ్ము తెచ్చుకొని, పట్టిన చేపనంతయు అతనికే, అతడు చెప్పిన ధరకే పోయుటను దాదన్ అందురు. నీరు తగ్గి రాబడి పడిపోయిన నెలలలోనే వాయిదా మెడమీద కూర్చుండును. అప్పుడు వ్రేలెడు రొయ్యను కూడ విడువలేడు. కాబట్టి చేపను కాపాడవలెనన్న ముందు వేటగాని వేసవిని కాపాడవలెను. కార్తిక మార్గశిరములలో రాబడి బాగుగా నున్నప్పుడు వారమునకింత యని కూడబెట్టి, ఫాల్గుణ చైత్రములలో తీసికొను పొదుపు పద్ధతిని స్త్రీలచేత నడిపించినచో మేలు కలుగును. చేపను బజారునకు మోసి, అమ్మి, సొమ్ము ఇంటికి తెచ్చునది చాల ఇండ్లలో వారే గదా. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని మన పెద్దలు చెప్పిన మాట ఇక్కడ అక్షరాల వర్తించును.

రెండవ సంగతి. ప్రక్క పడవవాడు పట్టుకొనుననుట నిజము. ఒక్కడు పాటించు నియమము నియమము కాదు, త్యాగము. అందరును పాటించినదే నియమము. చిలికలో కేవుట, కండరా, తియరా మొదలగు ఒడియా మత్స్యకార కులములవారు మనకంటె చాల ఎక్కువ సంఖ్యలో గలరు. నోలియాలు సముద్రమునుండి సరస్సునకు వచ్చినవారగుటచే, సరస్సుపై హక్కు తక్కువయను మాట అప్పుడప్పుడు వినబడుచుండును. ఇట్టి స్థితిలో మనవారు విడిగా కూర్చుండి నిర్ణయములు చేసికొన్నందువలన లాభము లేదు. వేటకు సంబంధించిన తీర్మానములు జరుగు సభలలో మనవారు కూర్చుండవలెను, ఒడియాలోనే మాటలాడవలెను. సహకార సంఘముల లెక్కలు, కౌలు పత్రములు, నిషేధపు ప్రకటనలు ఒడియా లిపిలో నుండును. ఇంట తెలుగు మాటలాడుచు ఏ లిపియు రాని వృద్ధునకు అవి అందవు. ఆ పత్రములను మన యువకులు చదివి, తెలుగున విప్పిచెప్పుట మన సంఘము వెంటనే చేయదగిన సేవ. భాషాభిమానమనగా ఇరుగుపొరుగు భాషకు దూరముగా నుండుట కాదు. తన భాష మాత్రమే తెలిసినవాడు మోసపోకుండ చూచుట.

మూడవ సంగతి చేప తినువారికి సంబంధించినది; అనగా ఈ సభలోని వారందరికి. బరంపురపు బజారులో గిద్దెడు పొడిరొయ్య చౌకగా దొరకినప్పుడు అది ఏ వలలో పడినదని మనము అడుగము. అరచేతిలో పట్టు పీతను బేరమాడి కొందుము. జెన నిండిన ఖైంగ దొరకెనని పండుగ చేసికొందుము. జెన తినరాదని మేము శాసింపబూనము. కాని చిన్న పీతను, వ్రేలెడు రొయ్యను కొనక త్రోసివేయుట మనచేతిలోని పని. కొనువారు లేనిచో పట్టువారుండరు. కూర్చుండి తిన్న కొండలైనను కరగును. చిలిక కొండకంటె పెద్దది కాదు.

సోదరులారా, ఘేరీలను తొలగించుటకు న్యాయస్థానముల ఆజ్ఞలమేరకు అధికారులు అనేక పర్యాయములు పూనుకొనిరి. కొన్ని తొలగినవి, కొన్ని మరల మొలచినవి. గట్లను పగులగొట్టుట ప్రభుత్వము పని. మన పని అంతకంటె చిన్నది, అంతకంటె నిత్యమైనది. పాత జానో వేటగాండ్రు ఏ శాస్త్రమును చదువకయే పాటించిన నియమమును మరల పాటించుటయే మన పని. నీరు తీసినప్పుడు తడిక కట్టుడు, ఎవరును కాదనరు. ఆ తడికకు సందుండనిండు. నడిమి కాలువను విడిచిపెట్టుడు. ఋతువు ముగిసిన దినమున తడికను లేవనెత్తుడు. నీరు తగ్గుట ప్రకృతి చేయు పని. తగ్గిన నీటిని పూర్తిగా మూసివేయకుండుట మనుష్యుడు చేయవలసిన పని.

రాబోవు కార్తికమునకు ముందుగా, ఒడ్డు గ్రామములకు పోయి పత్రములను తెలుగున చదివి వినిపించుటకు నలుగురు యువకులు, పొదుపు లెక్కలు నేర్పుటకు ఇద్దరు స్త్రీలు ముందుకు వత్తురని మా ఆశ. పేర్లు నేడే కార్యదర్శి గారివద్ద వ్రాయింపవలెనని కోరుచు విరమించుచున్నాము.